తువ్వాల కింద రెండు వేళ్ళు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే మా నాయిన నవ్వుతాడు. "ఏడెనిమిదేండ్ల ముచ్చటకు ఆ రోజులేందిరా, నా కాళ్ళకున్న చెప్పులకు నీ నౌకరీ కంటె ఎక్కువ వయసుంటది" అంటాడు. నిజమే కానీ, మా పనిలో ఏడెనిమిదేళ్ళంటే చిన్న కాలం కాదు. ప్రాణం పెట్టి నేర్చుకున్నది మూడో ఏటికల్లా పాతబడిపోతుంది, దాన్ని ఇంకా వాడుతున్నవాణ్ణి చూసి కొత్తగా చేరినవాళ్ళు జాలిపడతారు. అందుకని నా ఇరవైమూడో ఏటి సంగతి చెప్పేటప్పుడు 'ఆ రోజుల్లో' అనే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. ఆ రోజుల్లో నేను సన్నగా ఉండేవాణ్ణి, నాకు అన్నీ తెలుసు, పైగా జహీరాబాద్ మొత్తంలో నా అంత ముఖ్యమైన మనిషి ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. (సన్నదనం మెల్లగా పోయింది. మిగతా రెండూ రెండు వారాల్లో ఎలా పోయాయో చెప్పడానికే ఇదంతా.)

మా ఆఫీసు హైవే పక్కన, ట్రాక్టరు సామాన్ల దుకాణం మీద రెండు గదులు. బొంబాయి వైపు బరువు లారీ వెళ్తే కంప్యూటరు తెరలు సన్నగా వణికేవి. యజమానిని పెద్దసారు అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళు ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో బండ్లను పరీక్ష చేసి పంపే విభాగంలో పనిచేసి దిగిపోయిన మనిషి. వాళ్ళ తండ్రి బీదరు వైపు అంగళ్ళలో ఎద్దులు అమ్మేవాడట. అందుకని పెద్దసారు ఏ వస్తువునైనా సగం ట్రాక్టరులాగా, సగం ఎద్దులాగా చూసేవారు. భుజం మీద ఎప్పుడూ ఒక గళ్ళ తువ్వాల ఉండేది. ఇక మేము నలుగురం. ప్రోగ్రాం రాసేవాణ్ణి నేను. రాసినదాంట్లో తప్పులు పట్టేది అక్క (ఝరాసంగం నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేది, నాకంటే ఆరేళ్ళు పెద్ద). తెర మీద ఏ రంగు ఎక్కడ ఉండాలో చూసేవాడు రంగులన్న. రైతుల ఫోన్లు ఎత్తి మాట్లాడే ఆమెకు హలో మేడం అని పేరు.

మేము చేస్తున్నది చెరుకు కోత వంతుల ప్రోగ్రాం. ఎవరి పొలం ఎప్పుడు కోతకు వస్తుందో రైతు తన ఫోనులో చూసుకోవాలి. చెరుకు ఆలస్యంగా కోస్తే ఎండి బరువు తగ్గిపోతుంది కాబట్టి, వంతు విషయంలో మా దిక్కు అన్నదమ్ములు కూడా ఒకరినొకరు నమ్మరు. అలాంటిదాంట్లో తప్పు దొర్లితే మా ఆఫీసు మెట్ల మీద చెప్పులు పట్టవు. అందుకని నేను ఏది రాసినా అక్క పదిసార్లు పరీక్ష చేసేది. తంటా ఏమిటంటే, నా యంత్రంలో నడిచేది ఆమె యంత్రంలో నడిచేది కాదు. "నా దాంట్ల మంచిగనే నడుస్తుందక్కా" అని నేను, "మరి రైతులందరికి నీ కంప్యూటరే పంచుదామా తమ్మీ" అని ఆమె. ఈ జగడం తీరడానికే కంటైనరు అనే పద్ధతి వచ్చింది. టిఫిన్ డబ్బాలో అన్నం, కూర, పచ్చడి, చెంచా కూడా సర్ది పంపినట్టు, ప్రోగ్రాముకు కావలసినవన్నీ ఒకే డబ్బాలో కట్టేస్తారు. ఎక్కడ తెరిచినా అదే భోజనం. ఆ డబ్బాలు కట్టి, తెరిచి, నడిపించే సాధనాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. మా ఆఫీసులో పోటీ పడ్డవి రెండు.

వాటి అసలు పేర్లు చెప్పను. చెబితే ఇప్పటికీ చొక్కాలు పట్టుకునేవాళ్ళున్నారు. "కంటైనరు గింటైనరు నా నోట్లె తిరగదు, పాతదాన్ని ఎర్రెద్దు అను, కొత్తదాన్ని మైలెద్దు అను" అని పెద్దసారే పేర్లు పెట్టారు (మైల అంటే మా దిక్కు బూడిద రంగు). ఎర్రెద్దు నేను పట్నంలో కోచింగులో నేర్చుకున్నది. పేరున్న పశువు, బలంగా లాగుతుంది. కాకపోతే దాన్ని నడపాలంటే ఆఫీసు మూలనున్న పెద్ద కంప్యూటరు మీద పూర్తి అధికారం ఉండాలి, అంటే అన్నిటికీ పెద్ద పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ పాస్‌వర్డ్ నా ఒక్కడికే తెలుసు. మైలెద్దు అప్పుడే అంగట్లోకి వచ్చింది. దానికి ఆ పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఎవరి డబ్బా వాళ్ళు తెరుచుకోవచ్చు, మూసుకోవచ్చు, ఒకరిని అడిగే పని లేదు. అక్క దాని గురించి ఎక్కడో చదివి, "ఇది జూడు తమ్మీ, మనకు అక్కెరకొస్తదేమో" అంది. నేను చూడకుండానే అక్కరకు రాదన్నాను.

ఎందుకు రాదో ఇప్పుడైతే ఒక్క ముక్కలో చెప్పగలను. అప్పుడు మాత్రం నలభై నిమిషాలు చెప్పాను. భద్రత అన్నాను, స్థిరత్వం అన్నాను, పెద్ద పెద్ద కంపెనీలు అన్నాను. అసలు సంగతి ఏమిటంటే, రోజుకు పదిసార్లు ఎవరో ఒకరు "పాస్‌వర్డ్ కొట్టవా జర" అని నా కుర్చీ దగ్గరికి రావడం నాకు ఎంతో బాగుండేది. మొగుడంపల్లిలో మా తాత చేతిలో ఊరి బోరు మోటరు డబ్బా తాళంచెవి ఉండేదట, ఆ దర్జా నాకు రక్తంలోనే వచ్చినట్టుంది. పిలవగానే లేచేవాణ్ణి కాదు. "ఒక్క నిమిషం" అనేవాణ్ణి. ఆ నిమిషంలో సగం చాయ్ తాగేవాణ్ణి. తర్వాత నింపాదిగా నడిచివెళ్ళి, జేబులోంచి దస్తీ తీసి, కీబోర్డు మీద పరిచి, దాని కింద చేతులు పెట్టి పాస్‌వర్డ్ కొట్టేవాణ్ణి. (ఎవరూ చూడకూడదని. ఎవరూ చూసేవాళ్ళు కాదు, రంగులన్న ఒకసారి ఆవలించాడు కూడా.) అది చూసి పెద్దసారు నాకు తాళం పటేల్ అని పేరు పెట్టారు. వెక్కిరింపని నాకు తట్టలేదు. మా అమ్మకు ఫోన్ చేసి, సారు నన్ను పటేల్ అంటున్నాడని చెప్పుకున్నాను.

అక్కకు మాత్రం ఇది నవ్వులాట కాదు. ఝరాసంగం పోయే ఆఖరి షేర్ ఆటో సాయంత్రం ఆరింటికి. రోజంతా నేను రాసినదాన్ని ఆమె సాయంత్రమే పరీక్ష చేయాలి, దానికి పెద్ద కంప్యూటరులో డబ్బా మళ్ళీ తెరవాలి, దానికి నేను లేచి రావాలి. నేనేమో ఐదున్నరకు హైవే హోటల్లో స్నేహితుల ముందు కూర్చుని, నేను లేకపోతే ఆఫీసు ఎలా ఆగిపోతుందో వర్ణిస్తూ ఉండేవాణ్ణి. ఆ నెలలో ఆమెకు ఆటో నాలుగుసార్లు తప్పింది. నాలుగోసారి మర్నాడు పొద్దున పెద్దసారు గదిలోకి వెళ్ళి, తలుపు వేయకుండానే చెప్పింది. "సార్, పని కష్టమని కాదు. పొద్దుగాల్నించి చేసిన పనికి ఆఖరికి ఒకరి మొకం జూస్కుంట నిలబడుడు నాతోటి కాదు. వచ్చే నెల నుంచి నేను రాను." నేను బయటే ఉన్నాను. అంతా విన్నాను. అక్క లేకపోతే నా తప్పులు పట్టేదెవరని కాక, అక్క లేకపోతే రోజుకు పదిసార్లలో ఎనిమిదిసార్లు తగ్గిపోతాయే అని ముందు తట్టింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ తట్టింది అదే.

పెద్దసారు తువ్వాల దులిపి మళ్ళీ వేసుకున్నారు. "ఎద్దును కొనేటప్పుడు మా బాపు ఏం జేస్తుండె ఎరికేనా? కట్టి జూస్తుండె. అమ్మేటోడు తోలొద్దు, తోలితే వాని మాట ఇంటది. పరాయోడు ముల్లుగర్ర పట్టాలె. అప్పుడు దాని గుణం బయటపడ్తది." కాబట్టి తీర్పు ఇది. మొదటి వారం ఎర్రెద్దు నడవాలి, పాస్‌వర్డ్ మాత్రం అక్కే కొట్టాలి, నేను ముట్టకూడదు. రెండో వారం మైలెద్దు, దాన్ని నేను తోలాలి. రెండో వారం ఆఖరున నలుగురూ ఓటు వేయాలి. ఏది గెలిస్తే అది. అప్పటిదాకా మానేసే మాట ఎత్తవద్దని అక్కను అడిగారు, ఆమె సరేనంది.

పాస్‌వర్డ్ అప్పగించాల్సి వచ్చినప్పుడు గానీ ఒక సంగతి నాకు గుర్తు రాలేదు. దాన్ని మార్చి ఇచ్చే తెలివి ఆ ఘడియలో లేదు. చీటీ మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, అక్క చేతిలో పెట్టాను. ఆమె విప్పి, పెదవులు కదిలిస్తూ చదివింది. 'మొగుడంపల్లి హీరో' అని, చివర ఒకటి అంకె. అక్క నవ్వలేదు. చాలాసేపు గోడకున్న క్యాలెండరు చూసింది. తర్వాత మాత్రం, "ఒకటి అంటే... రెండో హీరో గూడ ఉన్నడా తమ్మీ?" అని అడిగింది. వెనకనుంచి హలో మేడం నవ్వును దగ్గుగా మార్చబోయి, ఫోనులో ఉన్న రైతుకు క్షమాపణ చెప్పుకుంది.

ఆ వారం నేను అడుక్కునేవాణ్ణి. నిజానికి అక్క నన్ను ఒక్కసారి కూడా నిలబెట్టలేదు. పిలవగానే చేతిలో పని వదిలి వచ్చేది, దస్తీ గిస్తీ లేకుండా టకటకా కొట్టి వెళ్ళిపోయేది. అయినా సరే, ప్రతిసారీ లేచి, ఆమె కుర్చీ వెనక నిలబడి, గొంతు సవరించుకుని "అక్కా, జర..." అనడం ఉంది చూశారూ, మూడో రోజుకల్లా ఆ 'జర' నా గొంతులో చేపముల్లులాగా అడ్డం పడటం మొదలైంది. ఒకరోజు ఆమె అన్నం తింటోంది. అడిగితే ఎడమచేత్తో కొడుతుందని తెలుసు. అడగలేక ఇరవై నిమిషాలు ఖాళీగా కూర్చున్నాను, నా కోపమంతా ఎర్రెద్దు మీదికి పోబోతుంటే బలవంతంగా పట్టుకున్నాను. ఇంత జరిగినా నా పార్టీ మారలేదు. వారం గడిచాక పెద్దసారు ఎట్లుందని అడిగితే, "ఏం తక్లీఫ్ లేదు సార్, ఫస్ట్ క్లాస్" అన్నాను.

రెండో వారం మైలెద్దు నా చేతికొచ్చింది. సోమవారం పొద్దంతా దానిలో వంక దొరుకుతుందేమోనని చూశాను. ఆ దొంగముండది చక్కగా నడిచింది. మంగళవారం పొద్దున మాత్రం నా అదృష్టం పండింది. చెరుకు సంఘం పెద్దాయన (మేమందరం 'కాక' అనేవాళ్ళం, అంటే బాబాయి) తొమ్మిదింటికే వచ్చి, తన ఫోనులో ప్రోగ్రాం తెరవబోతే తెరుచుకోలేదు. చూద్దును కదా, మైలెద్దు నడుపుతున్న డబ్బాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. "జూసిన్రా సార్! పొద్దుగాల లేస్తలేదు!" అని కేక పెట్టాను. పెద్దసారు తన నోటుపుస్తకంలో 'మైలెద్దు, పొద్దున లేవలె' అని రాసుకున్నారు. ఆ కాకేమో, "నా దగ్గర గూడ గసొంటి ఎద్దొకటి ఉండె, మబ్బులనే, తెల్లారకముందే గడ్డేస్తే లేస్తుండె" అని సానుభూతి చూపించి వెళ్ళిపోయాడు. అక్క ఒక్కతే కనుబొమలు ముడిచింది. "నేను రెండు నెలల్నించి నా దాంట్ల ట్రయల్‌కు నడిపిస్తున్న, నాకు ఎన్నడు గిట్ల కాలే" అంది.

ఆమెకెందుకు కాలేదో, నాకెందుకైందో ఆ మధ్యాహ్నమే నాకు తెలిసింది. మైలెద్దు ఒక మనిషి పేరు మీద నడుస్తుంది. ఆ మనిషి యంత్రంలోంచి పద్ధతిగా సెలవు తీసుకుని బయటికి వెళ్తే, ఇక పని అయిపోయిందనుకుని, అతని డబ్బాలన్నీ మూసేస్తుంది. అక్క ఎప్పుడూ పద్ధతిగా బయటికి వెళ్ళలేదు, ఆటో కోసం పరుగు తీసేటప్పుడు తెరకు తాళం వేసి చెప్పుల్లో కాళ్ళు పెట్టేది, అంతే. నేనేమో రైతు బిడ్డను. పొలం నుంచి ఇంటికొచ్చిన ప్రతి సాయంత్రం "మోటరు బందు జేసినవా?" అని మా నాయిన అడిగితే లేదన్న రోజున అన్నం దొరికేది కాదు. ఆ అలవాటు కొద్దీ సాయంత్రం లేచేముందు ఒక్కొక్కటీ మూసి, అన్నిటిలోంచీ పద్ధతిగా బయటికొచ్చి, కుర్చీ కూడా లోపలికి తోసి వెళ్ళేవాణ్ణి. 'నేను వెళ్ళాక కూడా నడుస్తూ ఉండు' అని యంత్రానికి ఒకసారి చెబితే చాలు. ఒక్క లైను. ఆ లైను నాకు మంగళవారం మూడు గంటలకు దొరికింది. చదివాను. అర్థమైంది. ఆ పేజీ మూసేశాను. బుధవారం పొద్దున మైలెద్దు మళ్ళీ లేవలేదు, గురువారం కూడా లేవలేదు, పెద్దసారు పుస్తకంలో ఇంకో రెండు గీతలు పడ్డాయి.

ఇంతేకాక ప్రచారం కూడా చేశాను. ఆ వారమంతా సాయంత్రం నాలుగింటికి హైవే మీది బండి నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించాను. రంగులన్న మూడో బజ్జీ దగ్గర తన మనసు ఎర్రెద్దు మీదే ఉందని ఒప్పుకున్నాడు. హలో మేడం, "నాకు రెండిట్ల ఏదైనా ఒకటే, కానీ ఉల్లిగడ్డ ఎక్కువ వెయ్యమను" అంది. లెక్క తేలిపోయింది. నాది, రంగులన్నది, మేడంది, మూడు. అక్కది ఒకటి. ఆమె వెళ్ళిపోతుందన్న మాట ఆ లెక్కలో నేను వేసుకోలేదు. వేసుకోకూడదని గట్టిగా అనుకుని వేసుకోలేదు.

గురువారం సాయంత్రం ఐదింటికి అక్క నా బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని వచ్చింది. "జరుగు తమ్మీ, అది ఎందుకు లేస్తలేదో జూద్దాం" అంది. తన పార్టీ గెలవాలని కాబోలు అనుకున్నాను. వెతుకుతోంది, చదువుతోంది, రాసుకుంటోంది. ఐదు ముప్పావు అయింది. నాకు జవాబు తెలుసు. నా నాలుక మీదే ఉంది. "అక్కా, ఆటో..." అన్నాను. "పోతే పోనీ. పొద్దుగాల పొద్దుగాల ఆ కాక ముంగట నువ్వు పరేషాన్ అయితున్నవు, మంచిగనిపిస్తలేదు. నీది నడవాలె గదా ముందుగాల" అంది. కిటికీలోంచి ఆరింటి ఆటో హారను వినిపించింది, తర్వాత అది వెళ్ళిపోయిన చప్పుడు కూడా వినిపించింది. ఇప్పటికీ ఆ ఆటో హారను లాంటిది ఎక్కడ విన్నా నా చెవులు వేడెక్కుతాయి. "నేను దింపుతనక్కా" అని మాత్రం అన్నాను.

బైకు మీద ఝరాసంగం వెళ్ళేసరికి ఇంకా వెలుతురుంది. అక్క వాళ్ళ అత్తమ్మ అరుగు మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. నన్ను ఎగాదిగా చూసింది. "తాళం పటేల్ ఈయనేనత్తమ్మా" అని అక్క పరిచయం చేసింది. అత్తమ్మ చేతిలో చాట ఆగిపోయింది. "గీ పిల్లగాడా?" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "ముసలాయన అనుకుంటి గదనే!" అంది. అక్క గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది. అత్తమ్మ నన్ను కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పింది. కోడలు ఆలస్యంగా వచ్చినప్పుడల్లా ఎందుకని అడిగితే, పటేల్ లేచి రావాలె అత్తమ్మా, ఆయనకు జర టైం పడ్తది అని చెప్పేదట. "నేనేమో పాపం పెద్దమనిషి, మోకాళ్ళ నొప్పులున్నయేమో, కుర్చీలకెళ్ళి లేసుడు తిప్పలైతదేమో అనుకున్న బిడ్డా. మా కోడలుకు గూడ చెప్పిన, ఆయన మీద కోపం జేయకు, ముసలితనం అందరికి వస్తదని. ఊకొట్టింది గని కాదనలే." నా మోకాళ్ళ వైపు ఒకసారి చూసింది. "మోకాళ్ళు మంచిగనే ఉన్నయి గదా?" అంది. మంచిగనే ఉన్నాయన్నాను. చాయ్ ఇచ్చారు, తాగాను. అంత వేడి చాయ్ అంత త్వరగా నా జన్మలో ఎప్పుడూ తాగలేదు.

తిరిగి వస్తుంటే ఆ పదిహేను కిలోమీటర్లూ నా మనసులో ఒకటే మాట. ఇంట్లో అత్తగారి ముందు నన్ను చెడ్డవాణ్ణి చేయడం ఇష్టం లేక, ఆమె నన్ను ముసలివాణ్ణి చేసింది. నేనేమో మంగళవారం మూడు గంటలకు దొరికిన లైను నా జేబులో పెట్టుకుని ఆమెకు ఆటో తప్పించాను. ఏడుపొచ్చిందని చెప్పను గానీ, అల్లం తోటల పక్క రోడ్డు మీద దుమ్ము ఎక్కువ, కళ్ళు రెండుసార్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

శుక్రవారం సాయంత్రం ఓటు. చేతులెత్తడం, చీటీలు రాయడం పెద్దసారుకు నచ్చవు. "మొకాలు జూస్కుంట చెప్తే మొకమాటం అడ్డమొస్తది. చీటి రాస్తే రాత గుర్తుపడ్తం. తువ్వాల కింద చెప్పున్రి" అన్నారు. అంగట్లో ఎద్దుల బేరం చూసినవాళ్ళకు తెలుసు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ పదిమంది ఉన్నా ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఎర్రెద్దుకు ఒక వేలు, మైలెద్దుకు రెండు వేళ్ళు. ఆ రోజు బజ్జీలు ముందే చెప్పి ఉంచాను కాబట్టి వచ్చేశాయి. అందరూ తిన్నారు, అక్క కూడా రెండు తింది. నేను ఒక్కటి కూడా ముట్టలేదు. ఒక్కొక్కరం వెళ్ళి పెద్దసారు ఎదురుగా నిలబడ్డాం. ఆ గళ్ళ తువ్వాల కింద ఆయన చెయ్యి గట్టిగా, గరుగ్గా ఉంది. రోజుకు పదిసార్లు దస్తీ కింద నేను ఆడిన ఆట గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని రెండు వేళ్ళు నొక్కాను. పెద్దసారు ముఖంలో ఏమీ కదల్లేదు.

"ఎర్రెద్దుకు మూడు, మైలెద్దుకు ఒకటి" అని చెప్పారు పెద్దసారు. గదిలో అందరూ అక్క వైపు జాలిగా చూశారు. నేను మాత్రం వేళ్ళు లెక్కబెట్టుకున్నాను. నా లెక్క ప్రకారం రెండు, రెండు కావాలి కదా. ఒకటి తగ్గిందేమిటి? రంగులన్న వైపు చూశాను, మేడం వైపు చూశాను. అప్పుడు అక్క మెల్లగా అంది, "సార్, ఆ ఒక్కటి నాది కాదు." పెద్దసారు చేతులు తువ్వాలతో తుడుచుకుంటూ నవ్వారు. "నాకెర్కనే బిడ్డా. మూడు చేతులకు బజ్జీల నూనె ఉండె. ఒక్క చెయ్యే ఎండిపోయి ఉండె." అందరూ నా వైపు తిరిగారు. నేను అక్క వైపు తిరిగాను. "నువ్వెందుకేసినవక్కా ఎర్రెద్దుకు?" అంటే, "మరేం జేయాలె తమ్మీ, రెండు నెలలు కూసొని అంతా నువ్వే కట్టినవు, ఇప్పుడు ఇప్పేయుమంటే నీ పానం ఎట్లైతదో అనుకున్న. నేను ఎట్లగు పోయేదాన్నే గదా" అంది.

ఇంక ఆపుకోలేకపోయాను. "సార్, పొద్దున లేవని సంగతి... దానికి ఒక్క లైను రాస్తే చాలు సార్. నాకు దొరికింది." "ఎన్నడు?" అన్నారు పెద్దసారు. "మంగళారం." కింద దుకాణంలో ఎవరో ఇనుప ముక్కను ఎత్తి పడేశారు. అక్క నన్ను చూసింది. ఆమె కళ్ళలో నిన్నటి ఆరింటి ఆటో వెళ్ళిపోవడం నాకు కనిపించింది. తిడితే బాగుండనిపించింది. ఆమె మాత్రం, "మా అత్తమ్మకు నిన్న నిజం చెప్పకపోయేదుండె, ముసలాయనవనే ఉంచేదుండె" అంది. హలో మేడం ముందు నవ్వింది, తర్వాత అక్క కూడా నవ్వింది, నేను ఎప్పుడు నవ్వాలో తెలియక ఆఖరున నవ్వాను. పెద్దసారు నోటుపుస్తకం తెరిచి 'మైలెద్దు, పొద్దున లేవలె' అన్నదాన్ని కొట్టేసి, కింద 'తోలేటోడు లేపలె' అని రాశారు. "అమ్మేటోడే తన ఎద్దు వద్దన్నడు. ఇంక బేరమేముంది? మైలెద్దునే కట్టున్రి" అన్నారు. ఓట్ల లెక్క ప్రకారం అది అన్యాయమే. ఎవరూ అడగలేదు. బజ్జీలు మిగిలితే రంగులన్న పొట్లం కట్టుకున్నాడు.

అక్క మానలేదు. ఆ సోమవారం నుంచి తన డబ్బాలు తానే తెరుచుకుని, తానే మూసుకుని, ఐదు ముప్పావుకల్లా సంచి భుజాన వేసుకునేది. మొదటి వారం నేను అలవాటు కొద్దీ ఎవరో పిలిచారనుకుని రెండు మూడుసార్లు కుర్చీలోంచి లేచాను. ఎవరూ పిలవలేదని తెలిసి, నీళ్ళు తాగడానికి లేచినట్టు నటించాను. ఆ నెలలో నేను తాగినన్ని నీళ్ళు మా చెరుకు తోట కూడా తాగి ఉండదు.

ఇప్పుడు పెద్దసారు ఇంట్లో విశ్రాంతిగా ఉన్నారు, ఆఫీసు నేనూ అక్కా చూసుకుంటున్నాం. మైలెద్దు కూడా పాతబడిపోయి, కొత్తగా చేరినవాళ్ళు ఇంకేదో ఎద్దు పేరు చెబుతున్నారు. నాకు సగం అర్థం కావడం లేదు, "కట్టి జూద్దాం" అంటున్నాను. దస్తీ మాత్రం సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తే, దాని కింద టకటకలాడే ఆ ఇరవైమూడేళ్ళ సన్నటి వేళ్ళ మీద కోపం రాదు, పోనీలే పాపం అనిపిస్తుంది. ఎవరైనా తన కోసం ఎదురుచూడాలని వాడికి అంత ఆశ. నిన్న సాయంత్రం ఐదున్నరకు అక్క బల్ల పక్కనుంచి వెళ్తూ, "ఏమన్న కావాల్నా అక్కా?" అని అడిగాను. "ఏమొద్దు పటేల్, అన్ని నడుస్తున్నయి" అంది, సంచి సర్దుకుంటూ. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "మర్చేపోయిన, అత్తమ్మ అడగమంది. మోకాళ్ళు ఎట్లున్నయి?" ఆవిడ ఏడెనిమిదేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్న మానలేదు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి, లేవమని పిలిచేవాళ్ళే లేరని చెప్పమన్నాను. అక్క నవ్వి, చెప్తానని, ఆటో ఎక్కడానికి మెట్లు దిగిపోయింది.